ఫోటోలో పడని బొద్దింకలు

2023 వానాకాలం. గచ్చిబౌలిలో ఒక గేటెడ్ కమ్యూనిటీ, సి టవర్, పద్నాలుగో అంతస్తు. అప్పటికి నేను బొద్దింకల మీద బతకడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు. మదీనాగూడలో ఒక చిన్న షాపు, ఇద్దరు టెక్నీషియన్లు, రెండు స్కూటర్లు. మా పెస్ట్ కంట్రోల్ సంస్థ మొత్తం అంతే. ఇన్నేళ్ళలో నేను చూసినవి చెబితే మా ఆవిడ సగమే నమ్ముతుంది. రాయదుర్గంలో ఒక ఆఫీసు పాంట్రీలో బొద్దింకలు ఉద్యోగుల షిఫ్టుల ప్రకారం వచ్చి పోయేవని చెప్పిన రోజు నుంచి ఆ సగం కూడా మానేసింది. అందుకని ముందే చెబుతున్నాను, సంఖ్యల దగ్గర నాకు కొంచెం చెయ్యి జారుతుంది. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మా పనిలో ఎక్కువగా వాడేది జెల్ బెయిట్. సిరంజిలో వస్తుంది. మిరియపు గింజంత చుక్కలుగా అల్మారా కీళ్ళ దగ్గర, సింకు కింద, ఫ్రిజ్ వెనక పెడతాం. బొద్దింక అది తిని ఇంటికెళ్ళి చస్తుంది. చచ్చినదాన్ని తిన్న చుట్టపక్కాలూ చస్తారు. పది పన్నెండు రోజుల్లో గోల సద్దుమణగాలి. మణగకపోతే కస్టమర్ ఫోన్ చేస్తారు, మేం ఉచితంగా మళ్ళీ వెళ్ళాలి. దాన్ని కాల్‌బ్యాక్ అంటాం. ఒక కాల్‌బ్యాక్ వస్తే చిన్న అవమానం. అదే ఇంటి నుంచి రెండోది వచ్చిందంటే, షాపులో నేను చెప్పే కథలకి నవ్వే మనిషి ఉండడు.

ఆ ఫ్లాట్ లావణ్య గారిది. కాకినాడ వైపు మనిషి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. అంటే వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. భర్త పూణేలో ప్రాజెక్టు మీద ఉండి నెలకోసారి వస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు. సహస్రకి తొమ్మిదేళ్ళు, నిహిరకి ఆరు. జూన్‌లో మొదటిసారి మందు పెట్టాం. జూలైలో కాల్‌బ్యాక్ వస్తే నేనే వెళ్ళాను. బయట వాన. ఇంకో గంటలో నానక్‌రామ్‌గూడలో వేరే పని ఉంది. వంటగదిలోనే మళ్ళీ నాలుగు చుక్కలు పెట్టి బయటికొచ్చి, లిఫ్ట్ కోసం ఎదురుచూస్తూ సర్వీస్ రిపోర్ట్ నింపాను.

ఆ రిపోర్ట్ ఒక అచ్చు కాగితం. అందులో ‘హౌస్‌కీపింగ్’ అన్న మాటకి ఎదురుగా మూడు గడులుంటాయి: బాగుంది, పర్వాలేదు, బాగాలేదు. కాల్‌బ్యాక్ వచ్చిన ఇంట్లో మా చెయ్యి దానంతటదే మూడో గడి మీదికి పోతుంది. మందు పనిచెయ్యకపోతే తప్పు మాది కాదు, ఇంటిది అని చెప్పుకోవడానికి ఆ గడి మాకు గొడుగు. టిక్కు పెట్టి, పక్కన ‘వంటగది’ అని కూడా రాశాను. ఒక్క డబ్బా ఎత్తి చూడలేదు. కాగితం వాళ్ళ తలుపు దగ్గర ఇచ్చేసి లిఫ్ట్ ఎక్కాను.

ఆగస్టులో రెండో కాల్‌బ్యాక్ వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం వెళ్ళాను. లావణ్య గారు ఇంటి నుంచే పని చేస్తున్నారు. నన్ను కూర్చోబెట్టి, కోపం లేకుండా, ఆఫీసులో మీటింగ్ నడిపినట్టు వివరంగా చెప్పుకొచ్చారు. ఫ్రిజ్ తలుపు మీద ఒక బోర్డు ఉంది. మూడు నిలువు వరుసలు: చేయాలి, చేస్తున్నాం, అయిపోయింది. వాటి మీద రంగు రంగు చీటీలు. వాళ్ళ ఆఫీసులో ప్రతి పనికీ ఒక టికెట్ తీసి, అవగానే మూసేస్తారట. ఆ పద్ధతే ఇంట్లో పెట్టారు. ‘బొమ్మలు’ ఒక టికెట్, ‘పుస్తకాలు’ ఒకటి, ‘మంచం’ ఒకటి. సాయంత్రం ఆరున్నరకి పిల్లలు గది సర్ది, ఫోటో తీసి అమ్మకి పంపాలి. ఫోటో బాగుంటే చీటీ ‘అయిపోయింది’లోకి వెళుతుంది. పది చీటీలు చేరితే అరగంట ట్యాబ్.

“పిల్లల వైపు నుంచి సమస్య లేదండి. ఇదిగో చూడండి, జూన్ నుంచి ఒక్కరోజు తప్పలేదు” అంటూ ఫోన్ నా చేతికిచ్చారు.

వేలితో జరుపుతూ పోయాను. ప్రతి ఫోటోలో గది హోటల్ ప్రకటనలా ఉంది. దుప్పటి మీద మడత లేదు, నేల మీద పెన్సిల్ లేదు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు పెరిగారు. నేను అలాంటి గది పెళ్ళిసంబంధాల వాళ్ళు వచ్చిన రోజు కూడా చూడలేదు. ఇంకో విచిత్రం, ఫోటోలన్నీ ఒకే చోటు నుంచి తీసినట్టున్నాయి. దిండు మూల కూడా ప్రతిసారీ ఫ్రేములో అదే జాగాలో ఉంది.

“కాబట్టి వంటగదేనండి. మీ రిపోర్ట్‌లోనూ అదే ఉంది కదా. నెలాఖరుకి యాదమ్మని మానిపించేస్తున్నాను. చెప్పేశాను కూడా.”

యాదమ్మ నానక్‌రామ్‌గూడ ఊరి మనిషి. చిన్నమ్మాయి పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లోనే పని. సింకు చూసే వంకతో నేను లోపలికి వెళితే ఆమె యుటిలిటీ బాల్కనీలో గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండానే అడిగింది.

“సారూ, కిచెన్ మంచిగ లేదని నువ్వే రాసినవంట గద. ఏ డబ్బ ఎత్తి చూసినవో జర చెప్పు. గదే మల్ల కడుగుత.”

కథలు అల్లే నోరు నాది, ఆ పూట ఒక్క అబద్ధం కూడా దొరకలేదు. చూస్తాను అక్కా, ఇప్పుడు చూస్తాను అన్నాను.

“చూడు. గలీజుకు తీసేసిన్రని టవర్ వాట్సాప్ గ్రూపుల పెడితే, మూడు టవర్లల్ల ఇగ ఎవ్వలు పిలువరు నన్ను.”

గంటసేపు చూశాను. డబ్బాల కింద, గ్యాస్ బండ వెనక, మిక్సీ అడుగున. మా ఆవిడ చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను, అంత శుభ్రమైన వంటగది మా ఇంట్లో లేదు. అసలు వింత ఇంకొకటి. నేను పెట్టిన జెల్ చుక్కలు పెట్టినవి పెట్టినట్టే ఎండిపోయి ఉన్నాయి. ఒక్కటీ కొరకలేదు. ఇంట్లో బొద్దింకలు తిరుగుతున్నాయి, విందు పెడితే ముట్టుకోవడం లేదు. అంటే ఇంతకన్నా మంచి భోజనం వాటికి ఇంకెక్కడో దొరుకుతోంది. ఎక్కడ?

లావణ్య గారిని మూడు రోజులు గడువు అడిగాను. బ్యాగులోంచి గ్లూ ట్రాప్‌లు తీశాను. లోపల జిగురు పూసిన చిన్న అట్టపెట్టెలవి. బొద్దింకల్ని చంపడానికి కాదు, వాటి రాకపోకలు తెలుసుకోవడానికి పెడతాం. ఏడింటికి నంబర్లు వేశాను. అప్పుడే స్కూల్ బస్సు దిగి వచ్చిన పిల్లలిద్దరూ బ్యాగులు విసిరేసి నా చుట్టూ చేరారు. విసిరిన బ్యాగులు ఆరున్నర లోపల ఎలా మాయమవుతాయా అని ఆశ్చర్యపోయాను గానీ అప్పుడు అడగలేదు.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి అంకుల్ అంది చిన్నది. నాకు అంతకన్నా కావలసిందేముంది? ముంబై నుంచి హైవే పట్టుకొని మదీనాగూడ దాకా నడిచొచ్చాయని, అక్కడ మా షాపు బోర్డు చూసి భయపడి షేర్ ఆటో ఎక్కి ఇటు వచ్చేశాయని చెప్పాను. నిహిర కళ్ళు విప్పార్చుకుని వింటోంది. సహస్ర మాత్రం వాళ్ళమ్మ కూతురు.

“బొద్దింకలు ఆటో ఎక్కవు అంకుల్.”

“డ్రైవర్‌కి కనబడకుండ ఎక్కుతయి బిడ్డా.”

“అంటే మీరూ చూడలేదన్నమాట.”

ఓడిపోయి, ఈసారి నిజం చెప్పాను. ఈ జాతి బొద్దింకల్లో పెద్దవి ఇల్లంతా తిరుగుతాయి. నువ్వుగింజంత పిల్లలు మాత్రం పుట్టిన చోటు వదిలి దూరం పోవు. కాబట్టి ట్రాప్‌లో పెద్దవి పడితే అది దారి. చిన్నవి పడితే పక్కనే ఇల్లు. ఇద్దరినీ ఇన్‌స్పెక్టర్లని చేశాను. రోజూ స్కూల్ నుంచి రాగానే, ముట్టుకోకుండా, ఏ నంబర్లో పెద్దవి ఎన్ని, చిన్నవి ఎన్ని అని నోట్‌బుక్కులో రాయాలి.

సహస్ర వెంటనే రాసుకోవడం మొదలుపెట్టలేదు. వాళ్ళమ్మ గది వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“వాటి ఇల్లు కిచెన్‌లో లేదని తేలితే యాదమ్మ ఆంటీ ఉంటుందా?”

“ఉంటది. ఎందుకుండదు?”

నాలుగు ట్రాప్‌లు వంటగదిలో పెట్టాం. అయిదోది హాల్లో చెప్పుల స్టాండ్ దగ్గర. ఆరోది పిల్లల గది తలుపు మూల. ఏడోది ఆ గదిలోనే కిటికీ అరుగు పక్కన. ఈ కొత్త ఫ్లాట్లలో కిటికీ కింద కూర్చోవడానికి ఒక అరుగు కట్టించి, దానిపైన మెత్త వేసి, లోపల సామాన్ల కోసం పెట్టెలాగా మూత పెడుతున్నారు. ఏడోది అక్కడ పెడుతుంటే నేల మీద పసుపు టేపుతో అంటించిన గుర్తు ఒకటి కనిపించింది. ఇదేంటమ్మా అంటే నిహిర గర్వంగా దాని మీద రెండు పాదాలు పెట్టి నిలబడింది.

“ఇక్కడ నించుని తీస్తే అన్నీ బాగుంటాయి అంకుల్.”

సహస్ర చెల్లెల్ని మోచేత్తో పొడిచింది. నాకు కొంత అర్థమైంది. కానీ తెలుసుకోవడం వేరు, తేల్చడం వేరు. పైగా జూలైలో అర్థమైపోయిందనుకునే కదా ఆ టిక్కు పెట్టింది. నోరు మూసుకొని వచ్చేశాను.

శనివారం పదింటికి వెళ్ళాను. సెలవైనా లావణ్య గారు ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని చెవులకి హెడ్‌సెట్‌తో ఉన్నారు. యాదమ్మ కూరగాయలు తరుగుతోంది. ఇన్‌స్పెక్టర్లతో తనిఖీ మొదలుపెట్టాను. వంటగది నాలుగు ట్రాప్‌లలో కలిపి పెద్దవి రెండు, చిన్నది ఒక్కటీ లేదు. చెప్పుల స్టాండ్ దగ్గర ఖాళీ. పిల్లల గది తలుపు మూల పెద్దవి మూడు, చిన్నవి పదకొండు. ఈ పదకొండు నేను పెంచింది కాదు, సహస్ర నోట్‌బుక్కులో ఉంది.

ఏడో ట్రాప్ అక్కడ లేదు.

“నిన్న ఉందే” అంది సహస్ర. గాలికి ఎటో పోయుంటుందంది. ఆ కిటికీ తలుపు తీసి నెల దాటినట్టుంది, గడియ దగ్గర దుమ్ము. నేను ఆ సంగతి ఎత్తలేదు. నోట్‌బుక్కు అడిగాను. ఏడో నంబరు ఎదురుగా గురువారం ‘చిన్నవి 14’ అని రాసి ఉంది. శుక్రవారం గడిలో ఏదో రాసి, కాగితం చిరిగేలా రబ్బరుతో చెరిపేసింది.

“అక్క దాచింది” అంది నిహిర.

“ఎక్కడ దాచింది బిడ్డా?”

“అన్నీ దాచే చోటే.”

ఆరేళ్ళ పిల్ల వెళ్ళి కిటికీ అరుగు మీది మెత్త లాగేసింది. మూత ఎత్తింది నేను.

నేను చూసినవి పెంచి చెప్పేవాణ్ణి కదా, ఇక్కడ ఎంత తగ్గించి చెప్పాలో తెలియడం లేదు. అన్నిటికన్నా పైన మా ఏడో నంబరు ట్రాప్. దాని కింద ఒంటి సాక్సులు, రిబ్బన్లు, విరిగిన స్కేళ్ళు, స్కూలు సర్క్యులర్లు, ఎవరి పుట్టినరోజువో విప్పని రిటర్న్ గిఫ్టులు, ఆన్‌లైన్ డెలివరీ అట్టపెట్టెలు. అట్ట మడతలంటే ఈ బొద్దింకలకి ప్రాణం. మా భాషలో అలాంటి దాక్కునే చోటుని హార్బరేజ్ అంటాం. అన్నిటి అడుగున మూడు లంచ్ బాక్సులు, ఒక దాంట్లో ఒకప్పుడు పులిహోర అయి ఉండొచ్చనిపించేది ఏదో. క్రీమ్ బిస్కెట్ల పొట్లాలు సగం సగం. వెలుతురు పడగానే నువ్వులు ఒలికినట్టు బొద్దింక పిల్లలు నాలుగు వైపులా పారాయి. నా జెల్ ఎందుకు ముట్టుకుంటాయి? వాటికి ఇక్కడ రోజూ పెళ్ళి భోజనమే.

లావణ్య గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. హెడ్‌సెట్ మెడలోకి జారింది. ఎప్పటి నుంచి అని అడిగారు.

సహస్ర తల దించుకునే సమాధానం చెప్పింది. మొదట్లో సర్దేవాళ్ళమంది. సాక్సు జత దొరక్కపోతే, సర్క్యులర్ ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ఆరున్నర దాటిపోయేదట, టికెట్ అలాగే ఉండిపోయేదట. ఒకరోజు అరుగులో వేసి మూత పెడితే ఫోటో చాలా బాగా వచ్చింది. అమ్మ చప్పట్ల బొమ్మ పంపింది.

“నువ్వు ఫోటోలో చూస్తావు కదమ్మా. ఫోటోలో అయిపోయింది.”

“మరి ట్రాప్ ఎందుకు దాచావు?”

ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటోంది. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న చిన్నది తల్లి కుర్తా అంచు పట్టుకుని, అక్క బదులు తను అడిగింది.

“యాదమ్మ ఆంటీ కాదు కదా, మేమే కదా. మరి మమ్మల్ని కూడా మానిపిస్తావా?”

లావణ్య గారు అక్కడే నేల మీద కూర్చుండిపోయారు, అట్టపెట్టెల పక్కన, ఆ పాకే నువ్వుల మధ్యనే. పన్నెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ పట్టుకుంటున్నాను భాస్కర్ గారూ అన్నారు నాతో, ఆ మాట ఇంక పూర్తి చెయ్యలేదు.

నేను కూడా ఊరికే నిలబడితే సరిపోదు. జూలై రిపోర్ట్ ఒకసారి ఇవ్వండి మేడమ్ అని అడిగాను. తెచ్చాక, పిల్లలిద్దరూ చూస్తుండగా చెప్పాను.

“ఈ టిక్కు నేను లిఫ్ట్ దగ్గర నిలబడి పెట్టిన. మీ కిచెన్ల ఒక్క డబ్బ ఎత్తలె. మీ పిల్లలు మూత పెట్టినట్టే నేను టిక్కు పెట్టిన. వీళ్ళకు తొమ్మిదేండ్లు, ఆరేండ్లు. నాకు నలభై ఎనిమిది.”

టిక్కు కొట్టేసి, ‘వంటగది శుభ్రంగా ఉంది. ముందు రాసింది చూడకుండా రాసినది, తప్పు నాది’ అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం తీసుకుని లావణ్య గారు వంటగదిలోకి వెళ్ళారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. వినబడినా రాసేవాణ్ణి కాదేమో. కాసేపటికి ఇద్దరూ బయటికొచ్చారు. యాదమ్మ కొంగు నడుముకి దోపుకొని అరుగు వైపు చూసింది. ఇదంతా పిల్లల చేతే తీయించాలి, నువ్వు చెయ్యి పెట్టకు అన్నారు లావణ్య గారు.

“తీస్తరు గానమ్మా, తీసి ఏడ పెడతరు?” అంది యాదమ్మ. “పొద్దుగాల ఆళ్ళు బడికి వోయినంక నేను అన్ని ఏరి పెడత. సాయంత్రం నువ్వు సర్దుమంటవు. ఏది ఏడికి పోవాల్నో ఆళ్ళకెవ్వలు సూపెట్టిన్రు?”

లావణ్య గారు బోర్డు వైపు చూశారు. ‘గది సర్దాలి’ అని చీటీ ఉంది. సర్దడమంటే ఏమిటో ఏ చీటీలోనూ లేదు.

నేను అరుగులో మందు పని చూసుకునే ముందు సామానంతా నేల మీద పరిపించాం. యాదమ్మ స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కొక్కటీ ఎత్తి చూపించి, గిది ఏడికి పోవాలె అని అడగడం, పిల్లలు చెప్పడం. సాక్సులకి చోటు తెలుసు. రిబ్బన్లకి తెలుసు. సర్క్యులర్ ఎత్తేసరికి ఇద్దరూ తల్లి వైపు చూశారు, తల్లి నా వైపు చూసింది. ఆ ఇంట్లో కాగితాలకి చోటే లేదు. అప్పటికప్పుడు లావణ్య గారు ఒక ఫైలు తెచ్చి తలుపు వెనక మేకుకి తగిలించారు. లంచ్ బాక్సులు సింకు దాకా మోసుకెళ్ళడానికి మాత్రం అక్కాచెల్లెళ్ళ మధ్య పెద్ద తగువు. చివరికి ముక్కు ఒకళ్ళు మూసి, డబ్బా ఒకళ్ళు పట్టుకుని తీసుకెళ్ళారు.

నెల తరువాత ఆఖరి చెకప్‌కి వెళ్ళాను. అరుగు మూత వడ్రంగి చేత తీయించేశారు, లోపలేముందో గుమ్మంలోంచే కనిపిస్తోంది. గది ఫోటోల్లో ఉన్నంత అందంగా లేదు. మంచం మీద ఒక పుస్తకం బోర్లా పడి ఉంది, కుర్చీకి టవల్ ఉంది. ట్రాప్‌లలో మాత్రం చిన్నది ఒక్కటీ లేదు. ఇప్పుడు సాయంత్రం ఏం చేస్తున్నారని అడిగితే లావణ్య గారు నవ్వారు. ఆరున్నరకి లాప్‌టాప్ మూసి పది నిమిషాలు వాళ్ళ గదిలో నేల మీద కూర్చుంటున్నారట. తను సర్దరు, సర్దమని చెప్పరు. పిల్లలు ఏదైనా పట్టుకుని ఇదెక్కడ అంటే, మీరే చెప్పండి అంటారట. రోజూ బాగా జరగదండి, రెండు రోజులకోసారి పోట్లాటే అన్నారు.

మా షాపులో కూడా ఒక మార్పు వచ్చింది. రిపోర్ట్ కాగితం మళ్ళీ అచ్చు వేయించాను. ‘హౌస్‌కీపింగ్’ గడుల కింద ఇప్పుడొక ఖాళీ గీత ఉంది. ఏం చూశావు, ఏది ఎత్తి చూశావు అని దాని మీద రాయాలి. రాయలేకపోతే టిక్కు పెట్టకూడదు. మా టెక్నీషియన్లకి అది బొత్తిగా నచ్చలేదు. నాకూ ఒక్కోసారి నచ్చదు.

ఆ రోజు వెళ్ళేటప్పుడు పిల్లలు నన్ను సాగనంపడానికి బేస్‌మెంట్ పార్కింగ్ దాకా వచ్చారు. మందు బ్యాగు పెట్టడానికి నేను స్కూటర్ సీటు ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. ఖాళీ జెల్ సిరంజిలు, చిరిగిన గ్లవ్స్, పాత రిపోర్టులు, వానలో తడిసి అట్టకట్టిన రెయిన్‌కోటు, మొన్నటి టిఫిన్ డబ్బా. నిహిర మునివేళ్ళ మీద నిలబడి లోపలికి తొంగి చూసింది. ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ, ఇది ఎక్కడికి పోవాలి అంకుల్ అని అడగడం మొదలుపెట్టింది. నానక్‌రామ్‌గూడ బొద్దింకలు నా స్కూటర్ కిరాయికి తీసుకున్నాయని చెప్పబోయాను. సహస్ర ముఖం చూసి మానుకున్నాను.

ఇరవై నిమిషాలు పట్టింది. వాళ్ళు ఒక్క వస్తువు ముట్టుకోలేదు, ఊరికే పక్కన నిలబడి అడుగుతూ ఉన్నారు, నేను తీసి పెడుతూ ఉన్నాను. మూడేళ్ళుగా రేపు రేపు అనుకుంటున్న పని అది. ఇల్లు సర్దమని మా పిల్లల్ని ఎన్నిసార్లు కేకలేసి ఉంటానో లెక్కలేదు. అది మాత్రం నిజంగానే లెక్కలేదు. వాళ్ళు సర్దుతున్నంతసేపూ పక్కన నిలబడింది మాత్రం, ఎంత వెతికినా, ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.